‘ఇష్టము’, ‘చిత్తము’: గెత్సేమనే ప్రార్థన తెలుగు అనువాదంపై ఒక పరిశీలన

లాలాగూడలో మా సంఘస్థుడైన ఒక యువకుడు ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువుతూ ఉద్యోగ పరీక్షలు వ్రాస్తున్నాడు. మూడవసారి కూడా ఎంపిక కాకపోయేసరికి, “దేవుని చిత్తం కాదేమో అంటున్నారందరూ. అయితే నేను కోరుకోవడమే పాపమా, అయ్యగారూ?” అని అడిగాడు. అతని కలవరానికి కారణం కొంతవరకు మన బైబిలు తెలుగులోనే ఉన్నదని నా అభిప్రాయం.

లూకా 22:42 గమనించండి. గ్రీకు మూలంలో యేసు సంకల్పానికీ తండ్రి సంకల్పానికీ వాడిన మాట ఒక్కటే: ‘థెలేమా’. మన వాడుకలోనున్న పాత అనువాదం దానిని రెండు చేసింది: కుమారునికి ‘ఇష్టము’, తండ్రికి ‘చిత్తము’. యోహాను 6:38లోనూ ఇదే విభజన కనిపిస్తుంది.

అనువాదకులు దీనిని గౌరవభావంతోనే చేసి ఉండవచ్చు. పెద్దల యెదుట మన కోరికను తగ్గించి చెప్పుకోవడం తెలుగు మర్యాద. అయితే దీనివలన నష్టం కూడా కలిగింది. ‘ఇష్టము’ అనగానే నిలకడలేని కోరిక స్ఫురిస్తుంది. ‘చిత్తం’ అన్నది దొర యెదుట చేతులు కట్టుకొని నిలిచినవాని జవాబు. తరతరాలుగా ఆ జవాబు చెప్పవలసివచ్చిన కుటుంబాలవారు మన సంఘాలలో అనేకులు. దేవుని చిత్తాన్ని గూర్చిన మన బోధలో వారికి పెత్తందారు స్వరం వినబడకూడదు.

విశ్వసంకల్పంలో వ్యక్తి కోరికను లయం చేయడమే సాధన అనే భావన మన చుట్టూ ఉన్నది. మన ప్రసంగాలలోనికీ వచ్చింది. సంఘం విశ్వసించినది అది కాదు. క్రీస్తుకు మానవ సంకల్పం కూడా ఉన్నదని గెత్సేమనే ప్రార్థన ఆధారంగా వాదించిన మాక్సిమస్ నాలుకను, కుడిచేతిని పోగొట్టుకొని, 662లో ప్రవాసంలో మరణించాడు. 680–681లో కాన్‌స్టాంటినోపుల్‌లో జరిగిన మహాసభ ఆ బోధనే స్థిరపరచింది: క్రీస్తులో రెండు సంకల్పాలున్నవి, మానవ సంకల్పం దైవసంకల్పానికి లోబడుతుందే గాని నశించదు.

అది ఎలా లోబడుతుందో మత్తయి 26వ అధ్యాయం చూపుతుంది. మొదటి ప్రార్థన (39) గిన్నె తొలగింపబడాలని అడుగుతుంది. రెండవది (42) అది తొలగకపోతే అన్న మాటతో మొదలవుతుంది. ఈ రెంటికీ మధ్య కోరిక దాచబడలేదు. తండ్రితో మాట్లాడుతుండగానే అది మలుపు తిరిగింది. హెబ్రీ 5:7 ఆ ప్రార్థనలోని రోదనను, కన్నీళ్లను కూడా మరువలేదు. కనుక సమ్మతిని ప్రార్థనకు ముందే తెమ్మని విశ్వాసిని అడగడం యేసును అడగనిది అతనిని అడగడమే.

ఫిలిప్పీ 2:13లో ఇదే ధాతువు ‘ఇచ్ఛయించుట’గా అనువదింపబడినది. మనలో కోరికను పుట్టించేవాడు దేవుడేనని అక్కడ పౌలు అంటాడు. ఈ మూడు తెలుగు మాటల వెనుకనున్నది ఒకే మాటయని సంఘానికి చెప్పడం కాపరి బాధ్యత.

ఆ యువకునితో, “నీకు కావలసినది మొదట దేవునితో దాచకుండా చెప్పు” అన్నాను. అంతవరకు తాను అలా ప్రార్థించలేదని అతడు చెప్పాడు.