పోగు లేవని అంచు

లీడ్స్‌లో మా అమ్మాయి దగ్గరున్నప్పుడు పాత బట్టల కొట్లో ఒక ఓవర్‌కోటు కొన్నాను. హైదరాబాద్‌లో దాన్ని తొడిగేంత చలి ఏ ఏడూ రాదని తెలిసే కొన్నాను. బ్రిటిష్ వార్మ్ అంటారు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఇంగ్లీషు సైనికాధికారులు వేసుకున్న తరహా. మట్టి రంగు, రెండు వరసల తోలు గుండీలు, భుజాల మీద పట్టీలు, మోకాలి దగ్గరే ఆగిపోయే పొడవు. వంటింటి కాటా మీద పెడితే 2 కిలోల పైచిలుకు తూగింది.

చేతులు పొడుగయ్యాయని మా టైలర్ దగ్గరికి పట్టుకెళ్ళాను. రెండంగుళాలు కత్తిరించి, అలవాటు కొద్దీ ఓవర్‌లాక్ మిషను వైపు తిరిగినవాడు ఆగిపోయాడు. కోసిన అంచుని గోటితో గీకి చూశాడు.

"పోగు లేవదేంటి సార్?"

లేవదు. అది మెల్టన్ గుడ్డ. లీస్టర్‌షైర్‌లో మెల్టన్ మౌబ్రే అనే ఊరి పేరే దానికి పెట్టారు. ఉన్ని స్వెట్టరు వేడినీళ్ళలో పడి కుంచించుకుపోతే ఇంట్లో పెద్ద గొడవే అవుతుంది. ఇక్కడ ఆ పనే కావాలని చేస్తారు. నేసిన గుడ్డని సబ్బునీళ్ళతో తడిపి, వెచ్చగా ఉంచి, బాదుతూ పిసుకుతారు. ఉన్ని వెంట్రుక మీద చేప పొలుసుల్లాంటివి ఉంటాయి. అవి ఒకదాన్నొకటి పట్టుకున్నాయంటే వదలవు. ఆ తర్వాత నూగు లేపి, నున్నగా కత్తిరిస్తారు. ఏది పడుగో ఏది పేకో కనబడదు. గాలి దూరదు, చినుకు చప్పున ఇంకదు. వానలో గొంగడి కప్పుకుని గొర్రెల్ని కాసినవాళ్ళకి ఉన్ని సంగతి ఒకరు చెప్పక్కర్లేదు.

ఆ యుద్ధంలో అధికారులు తమ కోట్లు సొంత టైలర్ల దగ్గర కుట్టించుకునేవాళ్ళు. సిపాయికి సర్కారు ఇచ్చిన గ్రేట్‌కోటే గతి. పొడుగ్గా మోకాలు దిగేది. ఫ్రాన్స్, బెల్జియం కందకాల్లో నీళ్ళు తాగి, బురద పట్టి అది మోయలేని బరువయ్యేది. చాలామంది కింది భాగాన్ని కత్తితో కోసి పారేశారు. కందకంలో ఆ అంచులకి ఓవర్‌లాక్ ఎవరు చేస్తారు?

1918లో యుద్ధం ముగిసింది. అధికారుల కోట్లు మాత్రం మామూలు జనంలోకి నడిచొచ్చాయి, చర్చిల్ దాకా. హోదా గుర్తులు పోయినా, వాటిని మోసిన పట్టీలు భుజాల మీదే ఉండిపోయాయి.

"ఇవి పీకెయ్యమంటారా సార్? మీరేం మిలటరీ కాదుగా" అన్నాడు టైలర్.

ఉండనియ్యమన్నాను. కోసిన చేతి ముక్కని మాత్రం, సూదులు గుచ్చుకోవడానికి బాగుంటుందని, తన దగ్గరే అట్టేపెట్టుకున్నాడు.