పెట్టె మాట వినాల్సిందే

వాల్వు ఆంప్లిఫయర్ కట్టాలనుకునే కుర్రాళ్లు నన్ను మొదట అడిగేది, ఎన్ని వాట్లు వస్తాయండీ అని. ఐదు అంటే ముఖాలు వాడిపోతాయి. వినాయక చవితి డీజేలకు అలవాటుపడ్డ చెవులాయె! కానీ పాత మర్ఫీ, బుష్ రేడియోల చెక్క పెట్టెలో కట్టేటప్పుడు ఐదుకి మించి ఆశపడకూడదని నా పట్టుదల. లోపల ఏది ఇమడాలో ఆ పెట్టే తేలుస్తుంది.

నేను వాడేది ఈఎల్84. ఫిలిప్స్ వాళ్లు 1953లో తెచ్చిన పెంటోడ్, బొటనవేలి కంటే కాస్త పొడవు. మన ఇళ్లలో భక్తిరంజని వినిపించిన రేడియోలు చాలావాటిలో స్పీకర్ని పలికించింది ఇదో, దీని చుట్టమో. గిటార్ వాయించేవాళ్లు పడిచచ్చే వాక్స్ ఏసీ30లో ఇవి నాలుగుంటాయి. ఒకప్పుడు బెంగళూరు భారత్ ఎలక్ట్రానిక్స్ కూడా వాల్వులు చేసేది. ఆ సరుకు ఇప్పుడు పాత మెకానిక్కుల సొరుగుల్లో వెతుక్కోవాలి. ఈఎల్84 మాత్రం స్లొవేకియాలో, రష్యాలో ఇంకా తయారవుతోంది. దీనికి ముందు ఒక ఈసీసీ83, ఏసీని డీసీ చేయడానికి ఒక ఈజెడ్80. వాల్వులు అంతే.

ఇక వేడి సంగతి. పాట మొదలుకాకముందే ఈఎల్84 ప్లేటు దగ్గర 12 వాట్ల దాకా వేడి పుడుతుంది. దాని ఫిలమెంటుకి ఇంకో ఐదు, మిగతా రెండు వాల్వుల ఫిలమెంట్లకి కలిపి ఆరు. పాత రేడియోల వెనక అట్టకి అన్ని చిల్లులుండేది ఇందుకే. బాస్ రావడం లేదని వాటిని మూసేసేవాళ్లున్నారు. వెనక తెరిచి ఉంటే కోను ముందు నుంచి, వెనక నుంచి వచ్చే శబ్దాలు ఒకదాన్నొకటి చెరిపేసుకుని కింది స్వరాలు పలచబడతాయి, నిజమే. అయినా మూస్తే లోపల కండెన్సర్లు ఉడికిపోతాయి. మృదంగం ఎడమవైపు మోత కొంచెం తగ్గితే తగ్గనివ్వండి. ఆ తేలికపాటి కాగితపు కోనుకి ఐదు వాట్లే ఎక్కువ. ఘంటసాల గొంతు గది నిండా వినిపించడానికి అంతకంటే అక్కర్లేదు.

అసలు పేచీ అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర. స్టెబిలైజర్లకి వైండింగ్ చేసే షాపులో చుట్టించుకోవాలి. వాల్వు వైపు 5,200 ఓమ్‌లు, పాత స్పీకర్ వైపు మూడు; అంటే చుట్ల నిష్పత్తి సుమారు 42కి ఒకటి. అంతవరకు షాపతనికి కొత్తేం కాదు. రేకులు పేర్చడం దగ్గరే గొడవ. ‘ఈ’ రేకులు, ‘ఐ’ రేకులు అటొకటి ఇటొకటి మార్చి పేర్చడం అతని అలవాటు. మామూలు ట్రాన్స్‌ఫార్మర్‌కి అదే సరి. ఇక్కడ ప్రైమరీలో దాదాపు 48 మిల్లీ ఆంపియర్ల డీసీ ఎప్పుడూ పారుతుంటుంది. సందు వదలకపోతే ఇనుములో అయస్కాంత శక్తి పట్టాల్సినంతా పట్టేసి, పాట బొంగురుపోతుంది. అందుకే ‘ఈ’లన్నీ ఒకవైపు, ‘ఐ’లన్నీ ఇంకోవైపు పెట్టి మధ్యలో పల్చటి కాగితం దూర్చాలి.

“అట్ల పెడితే మోత వస్తది సార్” అన్నాడు మా షాపతను.

“గట్టిగ బిగించి వార్నిష్ పట్టియ్యి భాయ్” అన్నాను. నమ్మలేదు. పాట విన్నాక తనకూ ఒకటి కట్టిపెట్టమన్నాడు.

ఫిలమెంటు తీగలు మెలిపెట్టడం, పవర్‌దీ అవుట్‌పుట్‌దీ రెండు ట్రాన్స్‌ఫార్మర్లను ఒకటి అడ్డంగా ఒకటి నిలువుగా పెట్టడం, ఎర్తులన్నీ ఒకేచోట కలపడం, ఇవి చేస్తే గుయ్‌మనే రొద చాలావరకు పోతుంది.

పాత చాసీనే వాడేద్దామనుకుంటే ముందు వాల్వుల పేర్లు చదవండి. యూఎల్84, యూసీఎల్82 అని ‘యూ’తో మొదలైతే అది ఏసీ-డీసీ రేడియో. ఫిలమెంట్లన్నీ వరసగా నేరుగా లైను మీదే. ప్లగ్గు తిరగేసి పెడితే చాసీ ఇనుముకి ఫేజు తగులుతుంది. దాన్ని పక్కన పెట్టేయండి. విడిగా పవర్ ట్రాన్స్‌ఫార్మర్, మూడు పిన్నుల ప్లగ్గు, ఫ్యూజు తప్పనిసరి. స్విచ్ ఆపినా కండెన్సర్లలో 250 వోల్టులకు పైగా నిలిచి ఉండొచ్చు. మల్టీమీటర్ సున్నా చూపేదాకా లోపల చేయి పెట్టొద్దు.

ఇంకొకటి. చేతికొచ్చిన రేడియో పలికే స్థితిలో ఉంటే దయచేసి దాన్ని విప్పి పారేయొద్దు. పాత కాగితపు కండెన్సర్లు మారిస్తేనే చాలావాటికి గొంతు తిరిగొస్తుంది. డయల్ అద్దం పగిలి, కాయిల్స్ ఎలుకలు కొరికి, చాసీ తుప్పుపట్టినవే ఈ పనికి తీసుకోండి. ఎర్రగడ్డ ఆదివారం సంతలో ఓపిగ్గా తిరిగితే అలాంటివి దొరుకుతాయి.