పిండి మాట వినాలంటే

బూర్గంపాడు నుంచి సారపాక మీదుగా వెళ్లి గోదావరి వంతెన దాటితే భద్రాచలం. రాములవారి ప్రసాదం సంగతి లోకానికి తెలిసిందే. నేను చెప్పేది అక్కడి చిరుధాన్యాల బిస్కెట్ల గురించి. ఒకప్పుడు పొలాల్లో కూలికి వెళ్లిన ఆడవాళ్లే ‘భద్రాద్రి మిల్లెట్ మ్యాజిక్’ పేరుతో వీటిని చేస్తున్నారు. 2025 జూన్‌లో ప్రధాని మోదీ ‘మన్ కీ బాత్’లో వీళ్లను ప్రస్తావించారు. హైదరాబాద్ నుంచి లండన్ దాకా సరుకు వెళ్తోందన్నారు.

లండన్ సంగతి అటుంచి, పిండి దగ్గరికి వద్దాం. గోధుమపిండికున్న సాగే గుణం జొన్నకూ రాగికీ ఉండదు. ముద్ద చేస్తే అంచులు చీలతాయి. నెయ్యో వెన్నో ఎక్కువైతే బిస్కెట్టు పళ్లెంలో పరుచుకుపోతుంది, తగ్గితే కొరకగానే పొడిపొడి. రాగిపిండి అసలే నల్లన. కాలిందో మాడిందో రంగు చూసి తేల్చలేం, ముక్కుతో పసిగట్టాలి. యంత్రం ఎంత మంచిదైనా ఈ పని చేసిపెట్టదు. జొన్నపిండిలో వేడినీళ్లు పోసి పిసికి, అంచు చీలకుండా రొట్టె చరిచిన చేతులకైతే ఈ తంటా పాతదే. మా కిరాణా కొట్లలో మాత్రం ఇంకా మైదా బిస్కెట్లదే పైవరస!