నీళ్లకు తొందరెక్కువ

ఈ వారం ఒక చిత్ర ప్రదర్శనలో దుర్గం చెరువు బొమ్మ చూశాను. నీటిరంగులు. గుండ్లు అద్భుతంగా కుదిరాయి. 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు బరువంతా కాగితం మీద కనిపించింది. నీళ్ల దగ్గరికొచ్చేసరికి ప్రాణం ఉసూరుమంది. పైనున్న గుండ్లనూ చెట్లనూ యథాతథంగా తలకిందులు చేసి పెట్టేశారు.

నీళ్లు అలా చూపించవు. గుండు వెనక వేపచెట్టు గట్టు మీది మన కంటికి సగం దాకా కనిపిస్తుంది. నీళ్లలో దాని కొన మాత్రమే తొంగిచూస్తుంది, ఒక్కోసారి అదీ ఉండదు. నీళ్లు కింది నుంచి చూస్తాయి మరి. ముందున్న గుండు వెనకదాన్ని కప్పేస్తుంది. ఎండకు తెల్లగా మెరిసే బండ నీళ్లలో కాస్త మసకబారుతుంది, ముదురు ఆకుల గుబురు కాస్త తేలికపడుతుంది. కాళ్ల దగ్గర అడుగున రాళ్లు కనిపిస్తాయి, దూరంగా ఆకాశమే.

అందుకే గట్టు మీద కూర్చుని వేయమని ఈ కాలమ్‌లో ఎప్పుడూ పోరుతుంటాను. కానీ ఈసారి ఆ బొమ్మ ముందు నిలబడి ఆలోచిస్తే, అసలు చిక్కు ఎక్కడుందో కనిపించింది. ప్రతిబింబాన్ని తడి కాగితం మీదే వేయాలి. చెట్టు పచ్చదనాన్ని నిలువుగా కిందికి లాగి, అది ఆరకముందే, పిండిన ఫ్లాట్ బ్రష్‌తో అడ్డంగా ఒక్క గీత గీయాలి. అక్కడ రంగు లేచి తెల్లటి చార మిగులుతుంది. ఆ చార పడ్డాకే నీళ్లు నీళ్లలా పరుచుకుంటాయి. మన ఎండల్లో ఆ తడి నిలిచేది కొద్ది నిమిషాలే. తలెత్తి ప్రతి అలనూ చూస్తూ కూర్చుంటే కాగితం ఆరిపోతుంది. ఏం వేయాలో అప్పటికే మనసులో ఉండాలి.

ఆరుబయట బొమ్మలకు పేరుపడ్డ క్లాడ్ మోనే కూడా జివెర్నీలో తన కలువల కొలనును ఏళ్ల తరబడి చూసి, ఆ పెద్ద పెద్ద చిత్రాలను ప్రత్యేకంగా కట్టించుకున్న స్టూడియోలోనే వేశాడు. అవి 1927 నుంచి పారిస్‌లోని ఒరాంజెరీలో ఉన్నాయి. వాటిలో నీళ్లు ఈనాటికీ కదులుతున్నట్టే ఉంటాయి.

కాబట్టి నీళ్ల బొమ్మ వేయాలనుకునేవాళ్లు ఈ ఆదివారం మీ ఊరి చెరువుకు వెళ్లండి. రంగుల పెట్టె ఇంట్లోనే వదిలేయండి, ఫోను జేబులోంచి తీయకండి. పొద్దెక్కేదాకా చూసి, ఇంటికొచ్చి వేయండి.