నడవలో నిలబడితే

"నడవలో నిలబడకురా, దారికడ్డం" అని కసిరేది అమ్మమ్మ. మాది మండువా ఇల్లు. వీధి గుమ్మం, నడవ, పెరటి గుమ్మం ఒకే వరసలో ఉండేవి. వీధిలోంచి తొంగి చూస్తే పెరట్లో నూతి గట్టు కనిపించేది. ఆ చివర వెలుతురు, ఈ చివర వెలుతురు, మధ్యలో చల్లటి చీకటి. అక్కడ నిలబడటమంటే నాకు మహా ఇష్టం. బిందెతో వచ్చేవాళ్ళకి, విస్తరాకులు మోసేవాళ్ళకి మాత్రం నేనొక అడ్డం.

ఆ తిట్లు ఇప్పటికీ తింటూనే ఉన్నాను, తిట్టేవాళ్ళు మారారంతే. పదిహేనేళ్ళుగా నడవల్నీ వరండాల్నీ ఫొటోలు తీస్తున్నాను. అందరూ నడిచే చోట ఒకడు మూడుకాళ్ళ స్టాండు వేసుకుని పాతుకుపోతే ఎవరికి మండదు?

మొదట్లో అందరిలాగే సరిగ్గా మధ్యలో నిలబడి తీసేవాణ్ణి. రెండు గోడలకీ సమానదూరం అడుగులతో కొలుచుకోవడం, కెమెరా నెత్తిన తాపీమేస్త్రీల రసమట్టం లాంటిదే చిన్నది పెట్టుకుని బుడగ నడిమికి వచ్చేదాకా కుస్తీ పట్టడం. కెమెరా మూతి కాస్త పైకెత్తితే చాలు, స్తంభాలన్నీ తాగినవాళ్ళలా లోపలికి వాలిపోతాయి. ఆ పని బాగానే పట్టుబడింది. ఒకరోజు ప్రింట్లన్నీ మంచం మీద పరిచి చూసుకుంటే గుండె జారింది. ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ, ఒక లాడ్జి, ఒక మండపం, అన్నీ ఒకటే ఫొటో. రెండు గీతలు దూరంగా పోయి ఒక చుక్కలో కలుస్తున్నాయి, అంతే. 1939లో తెరిచిన ఆ కాలేజీ భవనాన్ని బెల్జియం దేశస్థుడు ఎర్నెస్ట్ జాస్పర్ అంత శ్రద్ధగా రూపొందిస్తే, నేను దాన్ని లాడ్జి వరండా పక్కన కూర్చోబెట్టాను. గీతల మీద మోజులో పడి కట్టడాన్ని వదిలేశాను.

ఈ మోజు నాతో మొదలైంది కాదులెండి. మద్రాసు ప్రభుత్వ ఫొటోగ్రాఫరుగా పనిచేసిన లినేయస్ ట్రైప్ 1858లో మదురై పుదుమండపం లోపలి బారుని తీశాడు. తెలుగు మూలాలున్న తిరుమల నాయకుడు 17వ శతాబ్దంలో కట్టించిన మండపమది. ట్రైప్ వాడింది కాగితం నెగటివు. మసక వెలుతురులో దాని మీద బొమ్మ పడాలంటే చాలాసేపు మూత తీసి ఉంచాలి. ఆలోగా ఎవరైనా నడిచి వెళ్ళినా జాడ మిగలదు. అందుకే ఆ ఫొటోలో రాతిస్తంభాలు తప్ప నరమానవుడు లేడు. అద్భుతమైన ఫొటో, కాదనను. కానీ నేను వెళ్ళేనాటికి ఆ స్తంభాల మధ్య దర్జీలు బారులు తీరి కుట్టుమిషన్లు తొక్కుతున్నారు. రాతి యాళి పక్కన వేలాడే జాకెట్టుముక్కలు, కింద కత్తిరింపులు. మధ్యలో నిలబడి తీస్తే అవన్నీ అంచుల్లోకి నలిగిపోయాయి. విసుగొచ్చి ఒక స్తంభానికి వీపు ఆనించి, ఎదురు వరస కేసి ఏటవాలుగా తీశాను. గీతలు ఎక్కడా కలవలేదు. ఫొటో మాత్రం మదురైలా ఉంది.

అప్పట్నుంచి నాకో అలవాటు. ముందు నేల చూస్తాను, తరవాత గోడల్ని భుజాల ఎత్తున చూస్తాను. మనుషులు ఆనుకున్న చోట సున్నం నునుపు తేలి నల్లబడి ఉంటుంది. ఏ తలుపు దగ్గర ఎక్కువసేపు వేచి ఉంటారో గోడే చెబుతుంది. పాత తాలూకా ఆఫీసు వరండాలో ఆ మరక ఎప్పుడూ ఒకే తలుపు పక్కన ఉంటుంది.

నేల సంగతి నేర్పింది రామేశ్వరం. వెయ్యికి పైగా స్తంభాలున్న ఆ ప్రాకారంలో ఫొటో తీయనివ్వరు. ఉత్త చేతులతో తిరిగాను. ఇరవై రెండు తీర్థాల స్నానాలు చేసినవాళ్ళు తడిబట్టలతో నడుస్తుంటే రాతినేలంతా అద్దమైపోయింది. పై దీపాలు కాళ్ళ కింద వెలుగుతున్నాయి. ఆ నడవకి ఆ తడి ఎంత ముఖ్యమో కెమెరా ఉంటే గమనించేవాణ్ణి కాదేమో.

వెలుతురు దగ్గర మాత్రం ఒళ్ళు దగ్గర పెట్టుకోవాలి. నడవ చివర తలుపు తీసి ఉంటే అక్కడ ఎండ, ఇక్కడ చీకటి. కెమెరాకి రెండూ ఒకేసారి అందవు. నేను నడిమి గోడని బట్టి కొలత పెట్టుకుని, చివర కాస్త తెల్లబోతే పోనిస్తాను. లేపాక్షి ప్రాకారం చుట్టూ ఉన్న మండపంలో ఈ బాధ లేదు, పక్కనుంచి వెలుతురు వస్తుంది. పొద్దున్నే వెళ్తే స్తంభాల నీడలు నేల మీద చారలు కడతాయి. ఇక ట్యూబులైట్ల వరండాల్లో వేరే పేచీ. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి పాత చోకు ట్యూబులైటు సెకనుకి వందసార్లు మినుకుతుంది. కంటికి తెలీదు. షట్టరు మరీ వేగంగా పెడితే ఫొటోలో అడ్డంగా చారలు వస్తాయి. సెకనులో వందో వంతో, యాభయ్యో వంతో పెడితే పీడ వదులుతుంది.

ఆసుపత్రి నడవల్లో తీయడం మానేశాను. ఒకచోట అనుమతి కాగితం చేతిలోనే ఉంది. గోడ వారన చాప మీద ఒకావిడ టిఫిన్ క్యారియర్ తలకింద పెట్టుకుని నిద్రపోతోంది. వెలుతురు చక్కగా పడుతోంది. అంత చక్కగా పడుతుండటమే నచ్చలేదు. కెమెరా సంచీలో పెట్టేశాను.

ఈమధ్య మా అపార్ట్‌మెంట్ మీదే పడ్డాను. ప్రతి తలుపు ముందూ చెప్పుల స్టాండు, స్టిక్కరు ముగ్గు, ఒకరి గడపకి పసుపు, ఇంకొకరి సైకిలు. మొన్న రాత్రి లిఫ్టు పక్కన స్టాండు వేసి, ఇరవై సెకన్లు షట్టరు తెరిచి కదలకుండా నిలబడ్డాను. సగంలో దీపం ఆరిపోయింది. కొత్తగా పెట్టిన సెన్సరు లైటు, కదలిక లేకపోతే ఎవరూ లేరనుకుంటుంది. మళ్ళీ మొదలుపెట్టాను, మళ్ళీ ఆరింది. మూడోసారి కెమెరా వెనక నిలబడి రెండు చేతులూ గాలిలో ఊపుతుంటే ఎదురింటావిడ తలుపు తీసింది.

"ఏమండీ, దోమలా?" అంది.

ఔనన్నాను.