పాత సర్వో, కొత్త రిసీవరు: ప్లగ్గు మార్చిన చాలునా?

అరకు లోయకు ఆవల, ఆంధ్ర-ఒడిశా సరిహద్దున, 1955లో మాచ్‌ఖండ్ జలవిద్యుత్కేంద్రము పని ప్రారంభించినది. ఇట్టి కేంద్రములలో విద్యుత్తు వాడుక పెరిగినపుడు టర్బైను వేగము తగ్గును. గవర్నరు ఆ తగ్గుదలను గుర్తించును. నూనె ఒత్తిడితో కదలు సర్వోమోటారు నీటి ద్వారమును ఇంకొంత తెరచును. రేడియోతో నడచు బొమ్మ విమానములోని చిన్న సర్వో పని కూడ ఇదే. ఆజ్ఞకును, ఉన్న స్థితికిని గల తేడాను లోపలి పొటెన్షియోమీటరు సాయముతో కనుగొని, తేడా పోవువరకు మోటారును తిప్పును.

పాత సర్వోను నేటి రిసీవరుకు కలుపుటకు ప్లగ్గు మార్చిన చాలునని సాధారణముగా చెప్పుదురు. ఇందు కొంత సత్యము లేకపోలేదు. సుమారు 1 నుండి 2 మిల్లీ సెకండ్ల స్పందన, 20 మిల్లీ సెకండ్లకు ఒకసారి పంపు పద్ధతి దశాబ్దములుగా నిలిచియున్నది. కాని ఆ సలహా నాలుగు విషయములను విడిచిపెట్టుచున్నది.

మొదటిది వోల్టేజి. పాత సర్వోలు నాలుగు నికెల్-కాడ్మియం ఘటముల 4.8 వోల్టులకు తయారైనవి. నేటి పరికరములు 6, ఒక్కొక్కప్పుడు 8.4 వోల్టులు ఇచ్చును. పైగా కొన్నిటికి బ్యాటరీ నడిమి నుండి నాలుగవ తీగ యుండును. రెండవది సంకేతము. నేటి 3.3 వోల్టుల స్పందనను కొన్ని పాత వలయములు గుర్తింపలేవు; మరికొన్ని తలక్రిందులైన స్పందనను కోరును. ఒక ట్రాన్సిస్టరు ఎత్తును పెంచుచు సంకేతమును తలక్రిందు చేయును గనుక, రెండవ రకమునకు ఒకటి చాలును, మొదటిదానికి రెండు అంచెలు కావలెను. మూడవది వేగము. డిజిటల్ సర్వోలకై స్పందనలు త్వరత్వరగా పంపు రిసీవరుతో పాత సర్వో వేడెక్కి చెడును. నాలుగవది మధ్యస్థానము. అది అన్నిట 1.5 మిల్లీ సెకండ్లు కాదు, 1.3, 1.6 గలవియు కలవు.

పాతవానిని పారవేయుటయే మేలను వాదము ఎగిరే విమానము విషయమున సరియైనదే. అరిగిన పొటెన్షియోమీటరును నమ్మి గాలిలోనికి పంపరాదు. తరగతిబల్లపై మాత్రము ఆ వాదము నిలువదు. విశాఖపట్నము నూరు కిలోమీటర్లకు పైబడి దూరమున నుండగా, కొండమీది బడిలో కాలిపోయిన సర్వోకు బదులు మరునాడే దొరకదు. దానితో ఆనాటి పాఠమును ఆగిపోవును.

కనుక తీగల రంగులను నమ్మక, మూత విప్పి, ఏ తీగ ఎచటికి పోవుచున్నదో మీటరుతో చూడవలెను. తరువాత 4.8 వోల్టులతో, చిన్న ఫ్యూజు ద్వారా, 20 మిల్లీ సెకండ్ల వరుసలో పరీక్షింపవలెను. ప్లగ్గు పట్టుట కొలతకు సరిపోవుటయే గాని, పరికరములు రెండును ఒకదానినొకటి అర్థము చేసికొనుట కాదు. విద్యార్థి ఈ భేదమును గ్రహించిన నాడు సర్వో అనగానేమో కూడ గ్రహించినట్లే.