తాకెడు వేడిమి, తాకని వేడిమి

వంటయింటిలోనికి ఒక క్రొత్త పరికరమును తెచ్చుకొనవలెనా, వలదా యను మీమాంస వచ్చినపుడు మనలో పెక్కుమంది ముందుగా దాని వెలను విచారింతురు, పిదప దాని పేరును, ఆ పిదప ఇరుగుపొరుగువారి యనుభవమును విచారింతురు. కాని తమ యింట దినదినమును ఏ పదార్థములు వండుచున్నారు, వానికి ఎట్టి వేడిమి కావలెను, ఆ వేడిమి యొద్ద ఎవరు నిలువబడి యుందురు అను మూడు సంగతులను విచారించువారు అరుదు. ఈ వారము నేను వ్రాయబూనినది విద్యుత్తుతో పనిచేయు గ్రిల్లును గూర్చియే యైనను, నా మనస్సున ముఖ్యముగ నున్నవి ఆ మూడు సంగతులే.

ఈ గ్రిల్లు నెరుగనివారికి దాని స్వరూపమును సులభముగ చెప్పవచ్చును. ఒక కీలుతో కలిపిన రెండు లోహపు పలకలు, వానిలో ఇమిడ్చిన వేడెక్కు తీగలు, వేడిమి మితిమీరకుండ కాచు థర్మోస్టాటు, పలకలు సిద్ధమైనవని తెలుపు చిన్న దీపము, క్రింద కొవ్వు జారిపడుటకు ఒక తొట్టి, ఇంతియే దాని సామగ్రి. పదార్థమును క్రింది పలకపై నుంచి పై పలకను దింపినచో రెండు వైపులను ఏకకాలమున వేడి తగులును గనుక తిరుగవేయు పని యుండదు, పట్టెడు కాలమును చాలవఱకు తగ్గును. మా మేనకోడలు, శ్రీకాకుళమున పుట్టి పెరిగి నేడు విశాఖపట్టణమున ఉద్యోగము చేసికొనుచు ఒక అద్దె గదిలో ఒంటరిగా వండుకొనుచున్న పిల్ల, దీనిని కొనదలచి, "ఏటంతావు మావయ్యా? కొనీమంతావా, ఒద్దంతావా?" అని నన్నడిగినది. వంటను గూర్చి వ్రాయువాడు ఇట్టి ప్రశ్నకు అలవోకగా బదులు చెప్పుట తగదని నా యభిప్రాయము. ఏలయన, కొన్న వస్తువు చెడిపోవుట కంటె, చక్కగ పనిచేయు వస్తువు ఆ యింటి వంటకు అక్కరకు రాక అటుకెక్కుటయే మన వంటయిండ్లలో ఎక్కువగ కనబడు నష్టము.

రెండు వైపులనుండి ఒక్కమారే కాల్చు విద్య మనకు క్రొత్తది కాదు. గ్యాసు పొయ్యిలు రాకమునుపు మన ప్రాంతములో మినపరొట్టె కాల్చిన విధమును చూచినవారు ఈ మాటను వెంటనే యంగీకరింతురు. శ్రీకాకుళము జిల్లా సారవకోట మండలములోని బుడితి గ్రామము ఏ ఇత్తడి పనికి పేరుపొందినదో అట్టి పనితనము గల దళసరి గిన్నెకు కళాయి పెట్టించి, అందులో నూనె వేసి, మినపపిండియు బియ్యపురవ్వయు కలిపి పులియనిచ్చిన పిండిని మందముగ పోసి, మూతపెట్టి, క్రింద కుంపటిలో సన్నని సెగను, మూతమీద కొన్ని నిప్పులను ఉంచెడివారు. క్రిందనుండి గిన్నె యడుగు రొట్టెను తాకి కాల్చును. పైనుండి నిప్పుల వేడిమి మూతను దాటి వచ్చి, రొట్టెను తాకకయే దాని ముఖమును ఎఱ్ఱబరచును. అడుగున కరకరలాడు పొర, నడుమ మెత్తదనము, పైన పలుచని పెచ్చు, ఈ మూడును ఒక్క రొట్టెలో కుదురుట క్రిందను పైనను రెండు విధములైన వేడిమి తగులుటవలననే.

నిప్పుల మూతకును విద్యుత్ గ్రిల్లునకును గల భేద మంతయు ఇక్కడనే యున్నది. గ్రిల్లు పై పలక వేడిమిని ప్రసరింపజేసి యూరకుండదు; తన బరువుతో పదార్థముపై కూర్చుండును. పొంగవలసిన పిండిపై ఆ బరువు పడినచో, పులియుటవలన పుట్టిన గాలిబుడగలు అణగిపోయి, రొట్టె గట్టిపడి నోటికి పిడచకట్టును. కాబట్టి మినపరొట్టె కొరకో, ఊతప్పము కొరకో ఈ యంత్రమును కొనదలచినవారు ఆ యూహను విడుచుట మేలు. కాని అదే బరువు మఱికొన్ని పదార్థములకు ఉపకారమే చేయును. అడ్డముగ కోసిన వంజరపు ముక్క, సాగగొట్టిన ఎముకలేని కోడిమాంసము, పనీరు బిళ్ళ, చక్రములుగ తరిగిన చిలగడదుంప, నడుమ కూర పెట్టిన రొట్టెముక్కలు, వీనిని పై పలక క్రింది పలకకు హత్తించి పట్టియుంచును గనుక నడుమ గాలిసందులు లేక వేడి సూటిగ లోనికి చొరబడును. కావున కొనదలచినవారు తమ యింటి వంటకములను వరుసగ తలచుకొని, ఒక్కొక్కదానిని గూర్చియు, 'దీనిపై బరువు పెట్టినచో చెడునా, బాగుపడునా' యని ప్రశ్నించుకొనుట మొదటి పరీక్ష.

రెండవ పరీక్ష తడికి సంబంధించినది. కాలిన పదార్థమునకు వన్నెయు వాసనయు ఎట్లు కలుగునో 1912లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లూయీ కామీ మయ్యార్ వివరింప మొదలిడెను: మాంసకృత్తులలోని ఆమినో ఆమ్లములు చక్కెరలతో కలిసి వేడిమియందు మార్పు చెందుటయే దానికి మూలము. ఆ మార్పు వడిగా జరుగుటకు దాదాపు 140 డిగ్రీల సెంటీగ్రేడు వేడిమి కావలెను. నీరో 100 డిగ్రీల యొద్దనే ఆవిరియగును గనుక, పదార్థపు ముఖమున తడి యున్నంతసేపు అక్కడి వేడిమి ఆ మేర దాటజాలదు. మూసిన రెండు పలకల నడుమ ఆవిరికి వెలుపలికి పోవు దారి తక్కువ. పలకలపై గాడులు తీర్చుటకు ఇదియు నొక కారణమే. అందుచేత నీరూరు పదార్థము అందులో కాలుటకు మారుగ ఉడుకును. చేపముక్కలకు ఉప్పు, పసుపు, కారము పట్టించి కొంతసేపు ఉంచినపిదప, ఊరిన నీటిని పారబోసి, పొడిగుడ్డతో అద్ది, నూనెను పలకకు గాక ముక్కకే రాచి, దీపము సిద్ధమని తెలిపినతరువాతనే పలకపై నుంచవలెను. ఒకదానిపై నొకటి పడునట్లు కిక్కిరియబెట్టరాదు. ఈ ఓర్పు లేనివారికి ఎంత వెలగల యంత్రమైనను ఉడికిన చేపనే యిచ్చును.

ఈ రెండు పరీక్షలకును మన ప్రాంతపు కాల్పులను నిలిపి చూచితిని. పచ్చడికి వంకాయను కాల్చునపుడు మంట దాని తొక్కను నలువైపుల చుట్టుకొని నల్లగ మాడ్చవలెను. ఆ తొక్కయే మూతయై లోని కండను తన యావిరిలో తానే మగ్గనిచ్చును. మాడిన తొక్క వాసనయే పచ్చడికి ప్రాణము. గ్రిల్లులో పెట్టుటకై దానిని బిళ్ళలుగ కోసినచో రుచిగల వేఱొక వంటకము వచ్చునేమో గాని, ఆ పచ్చడి రాదు. మొక్కజొన్న పొత్తు గుండ్రనిది. పలకలు దానిని రెండు గీతలవెంట మాత్రమే తాకగలవు. తేగలను కుండలో నిలువుగ పేర్చి, బోర్లించి, చుట్టును మంటపెట్టి కాల్చు పని పెరటిదే కాని వంటబల్ల మీదిది కాదు. నెత్తళ్ళ వంటి చిఱుచేపలు పలక బరువునకు చితికిపోవును. ఇక చోడిరొట్టె యందురా, చోడిపిండికి గోధుమపిండివలె సాగెడు జిగి లేదు గనుక దానిని తడిచేతితో మెల్లగ ఒత్తుచు పలుచన చేయవలెను. అందుకు ఇనుప పెనమును మించిన సాధనము లేదు. ఈ విధముగ చూడగా, మనము తరతరములుగ కాల్చుకొని తిను పదార్థములలో అధికభాగము ఈ యంత్రమును కోరునవి కావని తేలుచున్నది.

ఆశ్చర్యపడవలసినది లేదు, ఈ యంత్రము మఱొక దేశపు వంట కొరకు పుట్టినది. 1974 అక్టోబరు 30న కిన్షాసా నగరమున మహమ్మదలీ చేతిలో ఓడి, ఇరువదియేండ్ల పిదప 1994 నవంబరులో 45వ యేట మరల ప్రపంచ హెవీవెయిట్ బిరుదమును గెలుచుకొన్న అమెరికా ముష్టియోధుడు జార్జి ఫోర్మన్ పేరిట, ఆ 1994లోనే అంగడికి వచ్చిన గ్రిల్లు ఈ జాతి యంత్రములకు లోకమంతట ప్రసిద్ధిని తెచ్చినది. ఆ పేరును వాడుకొను హక్కునకై సాల్టన్ సంస్థ 1999లో 13 కోట్ల 75 లక్షల డాలర్లు చెల్లించెననిన, ఎంతమంది దానిని కొనిరో యూహించుకొనవచ్చును. పలకలను వాలుగ నిర్మించి, మాంసమునుండి కరగిన కొవ్వు ముందరి తొట్టిలోనికి జారునట్లు చేయుటయే దాని విశేషము. కొవ్వు మెండుగ కల కైమా బిళ్ళలను నిత్యము తిను దేశమున అది మెచ్చదగిన ఉపకారము. కళింగపట్టణము నుండియు చింతపల్లి నుండియు మన సంతలకు వచ్చు చేపలలో పెక్కింటియందు జారిపడుటకు అంతటి కొవ్వు ఎక్కడిది? మన వేపుళ్ళలోని కొవ్వు మనము పోసిన నూనెయే. కావున మనకు కలుగు లాభము తొట్టిలో చేరినది కాదు, పెనముమీద పోయక మిగిలినది. వైద్యుడు నూనె తగ్గింపుమన్న యింట అదియును చిన్న లాభము కాదు.

ఇక విద్యుత్తు మాట. మన యిండ్లకు వచ్చు విద్యుత్తు 230 వోల్టులది. 2000 వాట్ల గ్రిల్లు దాదాపు 8.7 ఆంపియర్లను లాగుకొనును గనుక, మామూలు 6 ఆంపియర్ల సాకెట్టునకు దానిని తగిలించుట ప్రమాదకరము. ఎర్తు సరిగ నున్న 16 ఆంపియర్ల సాకెట్టు కావలెను. 700, 800 వాట్ల చిన్న యంత్రములకు ఆ చిక్కు లేదు గాని, అవి తడిగల పదార్థమును కాల్చుటకు మందకొడి. విజయనగరము కోటచుట్టుగల పాతవీథులలోని ఇండ్లవంటి వానిలో, ఒకప్పుడు దీపములకును పంకాలకును మాత్రమే లాగిన తీగలు నేటికిని ఉండవచ్చును గనుక, యంత్రమునకు ముందు ఎలక్ట్రీషియనును పిలిపించుట వివేకము. వ్యయము మాత్రము భయపడదగినది కాదు: 2000 వాట్ల యంత్రము పావుగంట పనిచేసినను అర యూనిట్టుకు మించి కాల్చదు. వేఱొక సంగతిని ఈ తీరవాసులము మఱవరాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ తుపానులు తీరము దాటినపుడు విద్యుత్ స్తంభములు నేలకొరిగి, ఉద్దానపు పల్లెలు దినముల తరబడి చీకటిలో నున్నవి. ఎన్ని విద్యుత్ పరికరములున్నను, మంటతో వండుకొను ఉపాయ మొకటి ఇంట నుండవలెననుటకు ఇంతకంటె నిదర్శనము అక్కరలేదు.

ఇట్లు చెప్పుచున్నానని నిప్పును నేను కీర్తించుచున్నానని తలపవలదు. మూతపై నిప్పులుంచిన మినపరొట్టెను తలచుకొని మురియువారు, ఆ నిప్పులను ఊది ఊది కన్నులు ఎఱ్ఱబడిన తల్లులను కూడ తలచుకొనవలెను. 1999లో వంటగ్యాసు నిచ్చు దీపం పథకము వచ్చువఱకు మన పల్లెలలో వేలాది వంటయిండ్లు కట్టెపొగలోనే జీవించినవి. 2024 నవంబరు 1న మన శ్రీకాకుళము జిల్లా ఈదుపురములోనే దీపం రెండవ దశ ప్రారంభమై, అర్హులైన కుటుంబములకు ఏటా మూడు సిలిండర్లు ఉచితముగ నిచ్చు ఏర్పాటు మొదలైనది. వండువారి ఊపిరిని కాపాడు ఏ సాధనమైనను రుచికంటె ముందు నిలువదగినదే. పెద్దలు ఇద్దరే మిగిలిన ఇండ్లు మన జిల్లాలలో ఎన్ని లేవు! పిల్లలు హైదరాబాదుననో పరదేశముననో యుండగా, మోకాళ్ళ నొప్పితో పొయ్యి ముందు నిలువలేని యొక వృద్ధురాలికి, ముక్కలను అమర్చి మూసి కుర్చీలో కూర్చుండనిచ్చు యంత్రము నిజమైన మేలు చేయును. అట్టి యింటికి నేను దీనిని నిస్సంశయముగ కొనుమందును.

మా మేనకోడలికిని కొనుమనియే చెప్పితిని. ఆమె గదిలో నూనె మరిగించుటకు వీలులేదు, పొగ పోవుటకు దారి లేదు. ఆమె తినునది చేపముక్కలు, పనీరు, రొట్టెముక్కలు. సాయంకాలము అలసివచ్చి పొయ్యియొద్ద నిలువబడుటకు ఓపిక యుండదు. మూడు సంగతులును ఆమె విషయమున ఒక్కవైపే మొగ్గినవి. అయితే కొనునపుడు చూడవలసినవానిని కూడ చెప్పితిని. పై పలక కీలు పదార్థపు మందమును బట్టి పైకి లేవగల్గి, క్రింది పలకకు సమముగ నిలువవలెను. లేనిచో ముక్కకు ఒకవైపు మాడి మఱొకవైపు పచ్చిగ నుండును. పలకలను ఊడదీసి కడుగుటకు వీలుండవలెను. చేపనీచు గాడులలో నిలిచినచో మఱునాటి రొట్టెకు అంటును. పలకపై పూత సాధారణముగ టెఫ్లాను జాతిది; 1938లో రాయ్ ప్లంకెట్ కనుగొన్న ఆ పదార్థము 260 డిగ్రీలు దాటిన వేడిమిలో క్రమముగ చెడును గనుక ఖాళీ పలకలను ఊరక కాచరాదు, మన ఇనుప అట్లకాడను దాని దరిదాపులకు రానీయరాదు, కొయ్య గరిటెనే వాడవలెను. ఐ.ఎస్.ఐ. గుర్తు చూడక కొనరాదు.

విజయనగరములోని మా యింటికి మాత్రము దీనిని తెచ్చుకొనలేదు. మా యింట కాల్చునది వంకాయ, పొత్తు, చోడిరొట్టె; వేపునది చిఱుచేప; వానిలో ఒక్కటియు ఆ పలకలను కోరదు. కాని వంకాయ కాలినప్పుడెల్ల వంటయింట నిండు పొగను, దాని నడుమ నిలిచి దగ్గు ఇల్లాలిని చూచిన పిదప, ఆ సొమ్మును అట్లే దాచుట కూడ న్యాయముగ తోచలేదు. అందుచే గ్రిల్లునకై యెంచిన ధనముతో పొయ్యిపైని గోడకు ఎగ్జాస్టు ఫ్యాను పెట్టించితిమి. ఒక వారము మీ యింట వండినవానిని కాగితముపై వ్రాసి, వండినవారి చేతికే ఆ కాగితము నిచ్చి, వారేది కోరుదురో అడిగి చూడుడు. గ్రిల్లు కోరినచో గ్రిల్లునే, మంచి పెనము కోరినచో పెనమునే, గాలి కోరినచో గాలినే ముందుగ కొనుడు.